ఆ నీలం ఫైలు ఇంటికి తెచ్చుకోండి

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. పెళ్ళయిన పదేళ్ళకు కూడా మాకు పిల్లలు కలగలేదు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారాలో దరఖాస్తు పెట్టుకుని, మూడేళ్ళు ఎదురుచూసి, శిశుగృహ నుంచి ఏడు నెలల పాపను తెచ్చుకున్నాం. ఆసుపత్రి దగ్గర ఊయలలో ఎవరో వదిలి వెళ్ళారని కాగితాల్లో ఉంది. పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఎవరూ ఏమీ అనకూడదని విజయనగరం వదిలేసి కాకినాడ వచ్చేశాం. పాపకు ఈ సంగతి చెప్పలేదు. చెప్తే పిల్ల మనసు విరిగిపోతుందని మా అత్తగారు అంటారు. పద్దెనిమిదేళ్ళు నిండాక చూద్దామని మావారు అంటారు. పోయిన నెల స్కూల్లో ‘నా చిన్నతనం’ అని చార్టు చెయ్యమన్నారు. పుట్టినప్పటి ఫొటో, అమ్మ కడుపుతో ఉన్నప్పటి ఫొటో తెమ్మన్నారు. వానకు తడిసి అన్నీ పాడైపోయాయని చెప్పాను. “ఒక్కటి కూడా మిగల్లేదా అమ్మా?” అంది. నిజానికి శిశుగృహ వాళ్ళు పంపిన మొదటి ఫొటో ఒకటి ఉంది. నీలం ఫైల్లో కాగితాలతో పాటు బ్యాంకు లాకర్లో పెట్టాం. అందులో పాప బుగ్గ మీద దిష్టిచుక్క ఉంటుంది. ఎవరో ఎత్తుకుని ఉంటారు, ఆకుపచ్చ గాజులున్న చెయ్యి తప్ప మనిషి కనపడదు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. చెప్తే నన్ను అమ్మా అని పిలుస్తుందా? ఆ కన్నతల్లి కోసం వెళ్ళిపోతుందా? పాప బ్లడ్ గ్రూప్ బి, మా ఇద్దరిదీ ఓ. దాని వల్ల బయటపడుతుందేమోనని అదొక టెన్షన్. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, కాకినాడ

సమాధానం: చెప్పండమ్మా. పద్దెనిమిదేళ్ళ దాకా ఆగొద్దు, ఈ నెలలోనే చెప్పండి. మీరూ మీవారూ కలిసి చెప్పండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ “ఒక్కటి కూడా మిగల్లేదా అమ్మా?” దగ్గర ఆగిపోయాను. పాపకు ఏదో తెలిసిపోయిందని నేను అనను. కానీ తన మొదలు ఎక్కడో వెతుక్కునే వయసుకు వచ్చేసింది. ఆ వెతుకులాటలో మీరు పక్కన ఉంటారా, ఎదురుగా అడ్డం నిలబడతారా అన్నదే ఇప్పుడు మీ చేతిలో ఉన్నది.

ముందు ఆ బ్లడ్ గ్రూప్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ భయం నిజమే. తల్లిదండ్రులిద్దరిదీ ఓ గ్రూప్ అయితే బి గ్రూప్ బిడ్డ మామూలుగా పుట్టదు. పాప గ్రూప్ స్కూల్ ఐడీ కార్డు మీద ఉంటుంది, రోజూ మెళ్ళో వేసుకునే వెళ్తుంది. మీవారిది డ్రైవింగ్ లైసెన్స్ మీద ఉంటుంది. హైస్కూల్లోనో ఇంటర్ బైపీసీలోనో వంశపారంపర్యం పాఠం చెప్పిన రోజు పిల్లలంతా ఇంట్లోవాళ్ళ గ్రూపులు నోట్‌బుక్‌లో రాసుకుని లెక్క సరిచూసుకుంటారు. ఆ లెక్క మీ పాపకు ఒక్కదానికే కుదరదు. ఆ క్షణంలో తన పక్కన మీరు ఉండరు.

ఊరు మారితే సరిపోతుందనుకున్నారు. ఒక కాగితం తీసుకుని ఈ సంగతి తెలిసినవాళ్ళ పేర్లు రాసి చూడండి. అత్తవారు, పుట్టింటివారు, ఆడపడుచులు, తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లల్లో పెద్దవాళ్ళు, విజయనగరంలో పక్కింటివాళ్ళు, ఆఫీసులో మీకు సెలవు ఇచ్చినవాళ్ళు. ఎంత తక్కువ రాసినా ముప్ఫై దాటుతాయి. వీళ్ళలో ఎవరో ఒకరు ఏ పెళ్ళిలోనో, ఏ ఆస్తి తగాదాలోనో నోరు జారతారు. ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు.

మా కుటుంబంలో అదే జరిగింది. మా పిన్ని కూతురికి తను దత్తత బిడ్డనని ఇరవై ఆరో ఏట, తన పెళ్ళి పందిట్లో తెలిసింది. గోత్రనామాలు చదువుతుంటే వెనక కూర్చున్న ఒక ముసలావిడ పక్కనున్నావిడతో అన్న మాట దాని చెవిన పడింది. పెళ్ళి జరిగిపోయింది, అందరూ భోజనాలు చేశారు. నెల తర్వాత మా ఇంటికి వచ్చి పాత ఆల్బమ్‌లు అడిగి తీసుకుంది. ఒక్కో ఫొటో చూపిస్తూ “వీళ్ళకు తెలుసా? ఈవిడకు తెలుసా? నీకు తెలుసా అక్కా?” అని అడిగింది. నాకు తెలుసు. పన్నెండేళ్ళ నుంచి తెలుసు. “నాకు తెలియనందుకు ఏడవట్లేదక్కా, మీ అందరికీ తెలిసినందుకు ఏడుస్తున్నా” అంది. ఆ మాటకు ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. మా పిన్ని దాన్ని ఎంత అపురూపంగా పెంచిందో మాకందరికీ తెలుసు, దానికీ తెలుసు. అయినా చాలాకాలం పాటు ప్రతి పాత జ్ఞాపకాన్నీ ఇది నిజమా, నటనా అని తూచి చూసుకునేది.

ఇది మా ఒక్క ఇంటి కథే అయితే మీకు ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. అమెరికాలో అమాండా బేడెన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. దత్తత వెళ్ళి పెద్దవాళ్ళయిన 254 మందిని, ఈ సంగతి మీకు ఏ వయసులో తెలిసింది, ఎలా తెలిసింది, ఇప్పుడు ఎలా ఉన్నారు అని అడిగారు. మూడేళ్ళు నిండాక తెలిసినవాళ్ళలో బాధ ఎక్కువగా, జీవితం మీద తృప్తి తక్కువగా కనిపించింది. మూడేళ్ళు అనగానే మీ గుండె జారిపోయి ఉంటుంది. ఆ వయసు దాటి ఐదేళ్ళయిపోయిందని కుమిలిపోకండి. ఆలస్యం అయింది, ఒప్పుకుందాం. ఇంకో పదేళ్ళు కలపకుండా ఉండటం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. ఓటుకూ లైసెన్స్‌కూ పద్దెనిమిదేళ్ళ లెక్క సరే. ఈ సంగతికి ఆ లెక్క పనికిరాదు. పద్దెనిమిదేళ్ళప్పుడు పిల్ల ఇంటర్ పరీక్షలు, ఎంట్రన్స్‌ల ఒత్తిడిలో ఉంటుంది, ఆ వెంటనే హాస్టల్‌కు వెళ్ళిపోతుంది. ఇంత పెద్ద మాట చెప్పి పిల్లను ఒంటరిగా హాస్టల్ గదికి పంపుతారా?

ఎనిమిదేళ్ళ పిల్లకు ఏం అర్థమవుతుంది అని మీవారు అడుగుతారు. ఈ ప్రశ్న మీదే డేవిడ్ బ్రాడ్జిన్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎన్నో ఏళ్ళు పనిచేశారు. 1984లో ఆయన బృందం నాలుగేళ్ళ నుంచి పదమూడేళ్ళ లోపు పిల్లలతో, దత్తత అంటే ఏమిటి అని మాట్లాడించి రాసింది. నాలుగైదేళ్ళ పిల్లలు “నన్ను దత్తత తీసుకున్నారు” అని చిలకల్లా చెప్తారు గానీ అర్థం తెలియదు. ఆరేడేళ్ళకు, పుట్టడం వేరు, ఇలా ఇంటికి రావడం వేరు అని తెలుస్తుంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్యలో ఇంకో సంగతి తడుతుంది. నన్ను ఈ ఇంటికి తెచ్చుకున్నారంటే, అంతకుముందు ఎవరో నన్ను వదులుకున్నారు అని. అప్పటిదాకా దత్తత కథను ఇష్టంగా చెప్పించుకున్న పిల్ల కూడా ఆ వయసులో కొన్నాళ్ళు ముభావంగా అయిపోవచ్చు. మీ పాప సరిగ్గా ఆ గుమ్మం మీద ఉంది. అంటే మీరు చెప్పింది అర్థం చేసుకోగలదు, బాధా పడగలదు. రెండూ ఒకేసారి వస్తాయి.

ఆ బాధను చూసి మీరు బెదిరిపోకూడదు. పాప ఏడిస్తే, తెలియకుండా ఉంటేనే బాగుండేదని మీ అత్తగారు అంటారు. కానీ పోగొట్టుకున్నదాని కోసం ఏడ్చే పిల్లకు, మీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చే అవకాశం దొరికింది. మా పిన్ని కూతురికి అది దొరకలేదు.

ఇక మీ అసలు భయం, నన్ను అమ్మా అని పిలుస్తుందా అన్నది. నెదర్లాండ్స్‌కు చెందిన ఫెమ్మీ యుఫర్, వాన్ ఐజెన్‌డోర్న్ అనే పరిశోధకులు 88 అధ్యయనాలను, అందులోని 10,977 మంది దత్తత పిల్లల వివరాలను ఒకచోట చేర్చి 2007లో ప్రచురించారు. తమ మీద తమకు ఉండే గౌరవంలో దత్తత పిల్లలకూ మిగతా పిల్లలకూ తేడా కనపడలేదు. దత్తత సంగతి తెలిసినంత మాత్రాన పిల్లలు విరిగిపోతారన్న మాట నిజమైతే, ఇన్ని వేలమందిలో అది కనపడకుండా ఉంటుందా? అలాగే హెరాల్డ్ గ్రోటెవాంట్, రూత్ మెక్‌రాయ్ అనేవాళ్ళు అమెరికాలో 190 దత్తత కుటుంబాలను ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశారు. అక్కడ కొన్ని కుటుంబాలకు కన్నతల్లితో రాకపోకలు కూడా ఉంటాయి. బిడ్డను ఆవిడ తీసుకుపోతుందేమోనన్న భయం అలాంటి కుటుంబాల్లోనే తక్కువగా ఉంది! కన్నతల్లి గురించి ఏమీ తెలియని తల్లిదండ్రులనే ఆ భయం ఎక్కువగా పీడించింది. మన దేశంలో చట్టం వేరు, అలాంటి రాకపోకలు ఉండవు. భయం మాత్రం ఎక్కడైనా ఒక్కలాగే పనిచేస్తుంది.

చట్టం గురించి కూడా ఒక మాట, రాత్రిళ్ళు మీకు పనికొస్తుంది. ఊయలలో వదిలిన బిడ్డ విషయంలో, కన్నవాళ్ళ కోసం పేపర్లో ప్రకటన వేసి, విచారణ చేసి, ఎవరూ రాకపోతేనే బాలల సంక్షేమ సమితి దత్తతకు అనుమతిస్తుంది. ఆ తర్వాత ఆర్డర్ వస్తుంది. మీ అప్పట్లో కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టర్ ఇస్తున్నారు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, ఆర్డర్ వచ్చిన రోజు నుంచి పాప మీకు పుట్టిన బిడ్డతో అన్నివిధాలా సమానం. ఎవరో వచ్చి అడిగి తీసుకుపోయే వీలు లేదు.

పెద్దయ్యాక తనే వెళ్తే? వెతకాలనిపించవచ్చు. దత్తత పిల్లలు తమ మూలాలు తెలుసుకునే హక్కును మన నిబంధనలు కూడా ఒప్పుకున్నాయి. పద్దెనిమిది దాటితే సొంతంగా, అంతకుముందైతే మీతో కలిసి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కన్నతల్లి గోప్యతకు భంగం రాకుండానే వివరాలు ఇస్తారు. ఊయలలో వదిలిన పిల్లల విషయంలో ఆ ఊరు, ఆ ఆసుపత్రి తప్ప ఏమీ దొరక్కపోవచ్చు కూడా. ఆ రోజు వస్తే మీరు పక్క సీట్లో కూర్చుని ప్రయాణం చెయ్యండి. భారతంలో ఉద్యోగపర్వం గుర్తు చేసుకోండి. నువ్వు కుంతి కొడుకువి, రాజ్యం నీదే రమ్మని కృష్ణుడు పిలిస్తే కర్ణుడు ఏమన్నాడు? నన్ను చూడగానే రాధకు పాలు చేపుకొచ్చాయి, నా మలమూత్రాలు ఆమె ఎత్తింది, ఆమెకు పిండం పెట్టకుండా నేనెలా ఉంటాను అన్నాడు. తన పుట్టుక అతనికి తెలుసు. తెలిసే రాధేయుడిగా ఉండిపోయాడు.

మీ అత్తగారి మాటను తీసిపారెయ్యకండి. ఆవిడ పిల్ల కోసమే భయపడుతున్నారు. కాకపోతే ఒకటి అడగండి. మన పల్లెల్లో పూర్వం దత్తత ఎప్పుడైనా రహస్యంగా జరిగిందా? నలుగురినీ పిలిచి, కన్నవాళ్ళు ఇస్తుంటే పెంచుకునేవాళ్ళు అందరి ముందూ అందుకునేవాళ్ళు. “ఫలానావాళ్ళ రెండోవాడు మేనత్తకు దత్తు వెళ్ళాడు” అని ఊరంతా మామూలుగా చెప్పుకునేది. ఇంటిపేరు మారేది, పండక్కి రెండిళ్ళకూ తిరిగేవాడు. తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డలు సంస్థల నుంచి ఇళ్ళకు రావడం మొదలయ్యాక, పిల్లలు పుట్టకపోవడం ఏదో తప్పు చేసినట్టు లోకం చూస్తుంటే, దాచడం మనకు అలవాటైందని నా నమ్మకం. డేవిడ్ కిర్క్ అనే సమాజ శాస్త్రవేత్త 1964లోనే దీని గురించి రాశారు, ఆయన కూడా నలుగురు పిల్లల్ని దత్తత తీసుకున్న తండ్రే. మా ఇంటికీ కన్న పిల్లలున్న ఇంటికీ ఏ తేడా లేదు అని తమను తాము నమ్మించుకునే ఇళ్ళలో పిల్లలు నోరు విప్పలేరు, తేడా ఉంది అని ఒప్పుకునే ఇళ్ళలో మాట్లాడగలుగుతారు అని ఆయన చెప్పింది.

ఒకటి అడుగుతాను, నొప్పి అనిపిస్తే క్షమించండి. మీరు కడుపుతో ఉన్నప్పటి ఫొటో పాప అడిగినప్పుడు మీరు కప్పిపుచ్చింది పాప సంగతి ఒక్కటేనా? ఆ పదేళ్ళలో మీరు తిరిగిన ఆసుపత్రులు, సీమంతాలకు వెళ్ళి నవ్వుతూ గాజులు తొడిగి ఇంటికొచ్చి ఏడ్చిన రోజులు, అవన్నీ కూడా ఆ ఒక్క ప్రశ్నలో మీద పడి ఉంటాయి. ఆ దుఃఖం మీది. దాన్ని మీవారి దగ్గరో, ఒక కౌన్సెలర్ దగ్గరో ముందు దించుకోండి. లేకపోతే పాపకు చెప్పేటప్పుడు మీరు ఏడుస్తారు, పాప మిమ్మల్ని ఓదార్చే పనిలో పడుతుంది.

ఎలా చెప్పాలో కూడా చెప్తాను. పరీక్షలు, పుట్టినరోజు, ఊరి ప్రయాణం లేని ఒక శుక్రవారం సాయంత్రమో శనివారం పొద్దునో చూసుకోండి. తర్వాత రెండు రోజులు ఇంట్లోనే ఉండేలా. మీ అత్తగారికి ముందురోజే చెప్పండి, అనుమతి అడగడానికి కాదు, పాప వెళ్ళి అడిగితే ఆవిడ కూడా అదే మాట చెప్పాలి కాబట్టి. ఫొటో చేతిలో పెట్టుకుని, మీ అబద్ధంతోనే మొదలుపెట్టండి.

“బంగారం, నీ చిన్నప్పటి ఫొటోలు వానకు తడిసిపోయాయని చెప్పాను కదా, అది నిజం కాదు. అలా చెప్పడం నా తప్పు. నీ ఫొటో ఉంది, ఇదిగో. నువ్వు నా పొట్టలో పెరగలేదమ్మా. వేరే అమ్మ పొట్టలో పెరిగి పుట్టావు. ఆవిడ నిన్ను పెంచలేకపోయింది, ఎందుకో మాకు తెలియదు. నీకు ఏడు నెలలప్పుడు నాన్నా నేనూ వచ్చి నిన్ను ఇంటికి తెచ్చుకున్నాం. దీన్ని దత్తత అంటారు. నువ్వు ఎప్పటికీ మా పిల్లవే.”

ఇంతే. ఇక్కడ ఆగి, పాప మొహం చూడండి. మీకు భయం వేసి మాటలు పెంచుకుంటూ పోతారు, అది వద్దు. ముఖ్యంగా కొన్ని మాటలు నోట్లోంచి రానివ్వకండి. “నీ మీద ప్రేమతోనే ఆవిడ వదిలేసింది” అనొద్దు. ప్రేమ ఉంటే వదిలేస్తారన్నమాట అని పిల్ల మీ ప్రేమను చూసి కూడా భయపడుతుంది. “పేదరికం వల్ల” అని ఊహించి చెప్పొద్దు. ఇంట్లో ఈఎంఐల గురించి మీరు మాట్లాడుకున్న రోజు దానికి నిద్ర పట్టదు. “దేవుడు మా కోసమే పంపాడు” అంటే, కన్నతల్లి గురించి ఇక అడగకూడదేమో అనుకుంటుంది. తెలియనిది తెలియదనే చెప్పండి.

పాప అప్పుడే ఏమీ అనకపోవచ్చు. “సరే, ఆడుకోవడానికి వెళ్ళనా?” అనవచ్చు. మూడు రోజుల తర్వాత తల దువ్వుతుంటే వెనక్కి తిరగకుండానే “ఆవిడకు నా పేరు తెలుసా?” అని అడుగుతుంది. చాలామంది పిల్లలు మొహం చూడనక్కర్లేని చోటే అడుగుతారు, స్కూటీ వెనక, చీకట్లో పక్క మీద. “మీరు కూడా నన్ను ఇచ్చేస్తారా?” అన్నది తప్పకుండా మనసులో ఉంటుంది, అడక్కపోయినా మీరే జవాబు చెప్పండి. పదమూడు పద్నాలుగేళ్ళకు, ఫోన్ లాక్కున్నారన్న కోపంలో “నువ్వు మా అమ్మవి కాదు” అంటుంది. ఆ రోజు మీరు కుప్పకూలకండి. ఆ వయసు పిల్లలందరి చేతిలోనూ ఏదో ఒక రాయి ఉంటుంది, మీ పాప చేతికి దొరికిన రాయి అది. “అమ్మనే, ఫోన్ మాత్రం పది గంటలకు ఇవ్వాల్సిందే” అనండి.

బయటివాళ్ళకు చెప్పాలా వద్దా అన్నది ఇకమీదట పాప ఇష్టం. క్లాస్ టీచర్‌కు చెప్పాలన్నా దాన్ని అడిగి చెప్పండి. “మీ అసలు అమ్మ ఎవరు?”, “సొంత పిల్లలు లేరా?” అని మనవాళ్ళు ఎంత మామూలుగా అడిగేస్తారో మీకు తెలుసు. ఈ ‘అసలు’, ‘సొంత’ అనే మాటలు మీ ఇంట్లో ఎవరూ వాడకూడదని కచ్చితంగా చెప్పండి. బయట ఎవరైనా అంటే “ఈవిడే మా అమ్మ” అని నడిచి వచ్చేయొచ్చని పాపకు నేర్పండి, జవాబు చెప్పి తీరాలన్న రూలేం లేదు.

రెండు మూడు నెలలు దాటినా పాప సరిగా నిద్రపోకపోయినా, పక్క తడుపుతున్నా, మిమ్మల్ని వదిలి స్కూల్‌కు వెళ్ళలేకపోయినా పిల్లల సైకాలజిస్టుకు చూపించండి. దత్తత ఇచ్చిన సంస్థ ద్వారా కూడా కౌన్సెలింగ్ అడగవచ్చు. మీ కోసమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఆ ఫొటో గురించి చివరగా. ఆకుపచ్చ గాజుల చెయ్యి ఎవరిదో పాప తప్పకుండా అడుగుతుంది. శిశుగృహకు ఫోన్ చేసి, ఆ రోజుల్లో చూసుకున్న ఆయమ్మ ఎవరో కనుక్కోండి. ఫొటో తీస్తారని తెలిసి పిల్లకు కాటుక చుక్క పెట్టిన మనిషి ఆవిడే అయి ఉండొచ్చు. మీ ఇంటికి రాకముందు ఏడు నెలల్లోనూ దాన్ని అపురూపంగా చూసుకున్నవాళ్ళు ఉన్నారని పాపకు తెలియాలి. తర్వాత మీ కథ చెప్పండి. ఆ రోజు ఎవరెవరు వెళ్ళారు, పాప ఏ గౌను వేసుకుంది, దారిలో ఏడ్చిందా, మొదటి రాత్రి ఎవరి పక్కన పడుకుంది. అది వందసార్లు చెప్పించుకుంటుంది.

రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులు ఉండవు. శుక్రవారమే వెళ్ళి ఆ ఫైలు తెచ్చుకోండి. ఫొటో ఒకటి పెద్దది చేయించండి.